సెలవుల్లో మమ్మల్ని అనే ముందు లైబ్రరీ తాళం తీయించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మే డే శుక్రవారం రావడంతో మూడు రోజులు వరుసగా సెలవులు కలిసొచ్చాయి కదా, ఆ ఆదివారం మీ పత్రికలో ఒక వార్త వేశారు. వేసవి సెలవుల్లో పిల్లలూ కాలేజీ విద్యార్థులూ పొద్దస్తమానం ఫోన్లకే అతుక్కుపోతున్నారని, గ్రంథాలయాల వైపు చూసేవాళ్ళే లేరని ఒక అధికారి బాధపడినట్టు రాశారు. మా వీధి చివర టీ కొట్టులో పేపరు తీసి చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ ఇంటి పనులతో పది రోజులు గడిచిపోయాయి. కోపం మాత్రం అలాగే ఉంది.

నేను చెన్నైలో కొరుక్కుపేటలో ఉంటాను. డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోయాయి. డిగ్రీ అవగానే బ్యాంకు పరీక్ష రాయాలని ఇప్పటినుంచే లెక్కలు, రీజనింగ్ చేసుకుంటున్నాను. తమ్ముడు పదో తరగతి రాసి, మార్కులు ఎన్నొస్తాయోనని టెన్షన్‌గా తిరుగుతున్నాడు. మాది ఒక గది, వంటిల్లు ఉన్న రేకుల ఇల్లు. నాన్నకి గోడౌన్‌లో రాత్రి డ్యూటీ, ఉదయం ఏడింటికి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటారు. ఆయన నిద్రపోతుంటే లైటు వేయకూడదు, గట్టిగా చదవకూడదు, గిన్నె చప్పుడు కూడా చేయకూడదు. పదకొండు దాటిందంటే పైన రేకులు కాలిపోతుంటాయి, ఫ్యాను వేస్తే వేడి గాలే కిందికి వస్తుంది. అలాంటి ఇంట్లో నేను పుస్తకం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో ఆ అధికారి గారు చెప్పాలి.

మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో చిన్న గ్రంథాలయం ఉంది. పొద్దున ఎనిమిదింటికి తీస్తారు, పదకొండుకి తాళం వేసేస్తారు, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి గానీ తీయరు. అంటే ఇంట్లో కూర్చోలేని ఆ ఐదు గంటలూ అదీ మూసే ఉంటుంది. శుక్రవారం సెలవు, రెండో శనివారం సెలవు, పండగలకి సెలవు, ఒక్కోసారి ఏ సెలవూ లేకపోయినా తాళమే కనిపిస్తుంది. లోపల ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటినుంచి తిరగడం లేదు. తెలుగు పుస్తకాలు ఒక ఇనప బీరువాలో ఉన్నాయి, అద్దంలోంచి అట్టలు కనిపిస్తాయి, అంతే. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, బదిలీ అయిన సారు దగ్గర ఉండిపోయిందన్నారు. ఈ మాట రెండేళ్ళుగా వింటున్నాను. మా అవ్వకి తెలుగు తప్ప వేరే చదవడం రాదు. ఆమె కోసం ఒక్క కథల పుస్తకం తెచ్చిద్దామని ఎన్నిసార్లు అడిగానో నాకే లెక్క లేదు. తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు కదండీ, ఎంతవుతుంది?

ఆ మూడు రోజులు మేమేం చేశామో చెబుతాను. శుక్రవారం పొద్దున నీళ్ళ లారీ దగ్గర బిందెలు నింపడంతో సరిపోయింది. సాయంత్రం కాశిమేడులో ఉండే నా క్లాస్‌మేట్ ఇంటికి వెళ్ళాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి చేపల వేట నిషేధం కాబట్టి వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉన్నారు, వల బాగుచేసుకుంటున్నారు. రాబడి లేని రోజులు. ఇంటినిండా మనుషులు, పక్కింటి టీవీ చప్పుడు. ఆ అమ్మాయి ఎక్కడుందని అడిగితే ఒడ్డు చూపించారు. ఇసుక మీదికి లాగిపెట్టిన ఒక పడవ నీడలో ప్లాస్టిక్ గోనె పరుచుకుని కూర్చుని అకౌంట్స్ లెక్కలు చేస్తోంది. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా నాలుగు మూలలా గవ్వలు, రాళ్ళు పెట్టుకుంది. ఎండ తిరిగినకొద్దీ నీడ జరిగిపోతుంటే గోనెతో పాటు తనూ జరుగుతోంది. మధ్యాహ్నం రెండింటినుంచి అలాగే ఉన్నానంది. మీ విలేఖరి ఆ రోజు అటు వచ్చి ఉంటే ఇంకో వార్త రాసేవారు.

శనివారం తమ్ముణ్ణి తీసుకుని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంకి వెళ్ళాను. మామూలు టౌన్ బస్సులో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు కాబట్టి వాడి టికెట్ ఒక్కటే ఖర్చు. ఆ మ్యూజియం 1851 నాటిది, శుక్రవారాలు మూసి ఉంటుంది కాబట్టి శనివారం దాకా ఆగాం. కృష్ణ ఒడ్డు అమరావతి స్తూపం శిల్పాలు ఎన్నో అక్కడే ఉన్నాయి, చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళలో ఎంతమంది చూశారో తెలియదు. నాలగిరి ఏనుగుని బుద్ధుడు లొంగదీసుకున్న శిల్పం ముందు వాడు చాలాసేపు నిలబడిపోయాడు. గుండ్రటి రాయి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తుంటుంది, జనం హడలిపోతుంటారు, మేడ కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తుంటారు. ఇంకో పక్క బుద్ధుడి కాళ్ళ దగ్గర ఏనుగు మోకరిల్లి ఉంటుంది. "అక్కా, రెండు ఏనుగులు కాదే ఇవి, ఒకటే ఏనుగుని రెండుసార్లు చెక్కారు" అన్నాడు వాడు. నేను ముందు గమనించలేదు, వాడే కనిపెట్టాడు. ఇంటికొచ్చి అవ్వకి ఆ కథంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. రోజంతా వాడు ఫోను తీసింది ఆ శిల్పాన్ని ఫోటో తీయడానికే.

అదే ఆవరణలో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1896లో తెరిచారు, దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ అక్కడికి పంపాలని చట్టమే ఉంది, అందులో తెలుగు పుస్తకాలూ వస్తాయి. ఆదివారం ఒక్కదాన్నే కొరుక్కుపేటలో లోకల్ ట్రైన్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, పార్క్ టౌన్‌లో ఇంకో రైలు పట్టుకుని కొట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్ళాను. 2010లో కట్టిన తొమ్మిది అంతస్తుల భవనం, ఏసీ, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి వేరే హాలు. ఎంత బాగుంటుందో చెప్పలేను. ఆ హాలు నిండా నా వయసు వాళ్ళే, కుర్చీ ఖాళీ అవుతుందేమోనని గోడవారన నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. మరి చదివేవాళ్ళు లేరని ఆ అధికారి ఏ లైబ్రరీ చూసి అన్నారు? పదకొండు తర్వాత తాళం వేసిన లైబ్రరీ చూసి ఉంటే అందులో ఎవరూ కనిపించరు, నిజమే.

కానీ నాకు రానూ పోనూ మూడు గంటలు పట్టింది. చీకటి పడకముందే ఇల్లు చేరాలని అమ్మ ఫోన్ మీద ఫోన్. నగరానికి ఆ చివర ఒక పెద్ద భవనం ఉంటే ఈ చివర ఉన్న మాకు వారానికి ఒకసారి వెళ్ళడమే గొప్ప. రోజూ కావలసింది ఇంటి దగ్గరిదే.

ఇంకో సంగతి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం 1948లోనే వచ్చింది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు పట్టుబట్టి సాధించిన చట్టం అది, అప్పటికి మా నెల్లూరు, చిత్తూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఇప్పటికీ వసూలు చేస్తున్నారు. ఇంటి ఓనరు పన్ను పెరిగిందని అద్దె పెంచినప్పుడల్లా ఆ భారం మా నాన్న మీదే పడుతోంది. డబ్బు మాత్రం ఏ సెలవూ లేకుండా తీసుకుంటున్నారు కదా. తెలుగువాళ్ళు 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల కోసం సభ పెట్టుకున్నారు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవలో పెట్టి కాలవ మీద ఊరూరికీ పంపించారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు పుస్తకం పది నిమిషాల దూరంలో ఉంది, మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, మధ్యలో తాళం ఉంది. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఇదే వరస అయిపోయింది. అర్జీ ఇస్తే పై ఆఫీసులో అడగమంటారు, పై ఆఫీసుకి వెళితే కింద ఇవ్వమంటారు. నేను జనవరిలో ఒక అర్జీ, మార్చిలో ఒక అర్జీ ఇచ్చాను, ముద్ర వేసి తీసుకున్నారు, అంతటితో సరి.

ఫోను సంగతికి వస్తే, అవును, మేం ఫోను చూస్తాం. నా మాక్ టెస్టులన్నీ అందులోనే ఉన్నాయి. కోచింగ్‌కి కట్టే స్తోమత లేదు కాబట్టి పాఠాలూ అందులోనే వింటాను. తమ్ముడు ఆటలు కూడా ఆడతాడు, కాదనను. బయట ఎండ మండిపోతుంటే, వెళ్ళడానికి ఒక నీడ పట్టు లేకపోతే పదహారేళ్ళ పిల్లాడు ఇంకేం చేస్తాడు? మీరు వార్త వేసేముందు మాలాంటి ఒక్క విద్యార్థినైనా అడిగారా?

నేను అడిగేది చిన్నదే. మే, జూన్ నెలల్లో మా పేటలోని గ్రంథాలయం మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలి, శని ఆదివారాలతో సహా. మనుషులు చాలకపోతే మా వీధి కాలేజీ పిల్లలం ఆరుగురం వంతులు వేసుకుని కూర్చుంటాం, పేర్లు రాసిచ్చాం కూడా. తాగే నీళ్ళ కుండ మేమే నింపుతాం. ఫ్యాను బాగుచేయడానికి మా తమ్ముడి స్నేహితుడి నాన్న ఎలక్ట్రీషియన్, డబ్బు తీసుకోనన్నారు, లోపలికి వెళ్ళడానికి ఎవరైనా అనుమతి ఇవ్వాలి, అంతే.

ఈ ఉత్తరంతో ఒక ఫోటో పంపుతున్నాను. ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకి తీసింది. తలుపు, తాళం, మెట్ల మీద పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముగ్గురు పిల్లలు కనిపిస్తారు. వాళ్ళ ఇళ్ళలో అడిగాను, వేయొచ్చన్నారు. మొన్న ఆ వార్త వేసిన పేజీలోనే దీన్ని వేయండి.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
కొరుక్కుపేట, చెన్నై