బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు నెట్ వైరు పీకి చూడండి

సంపాదకులకు,

ఇచ్ఛాపురంలో ఒకటి, బరంపురంలో రెండు హోటళ్లున్నవాళ్లు అన్నిటికీ ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారు. మంచిదే. కానీ రాష్ట్రం దాటితే జీఎస్టీ నంబరు వేరు: ఆంధ్రాది 37తో, ఒడిశాది 21తో మొదలవుతుంది. ఆ రెంటినీ విడివిడిగా నడపలేనిది వద్దు.

డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. నెట్ వైరు పీకేసి 20 బిల్లులు కొట్టించండి. వైరు పెట్టాక నంబర్లు తప్పాయా, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందా చూడండి. పొయ్యి దగ్గర థర్మల్ ప్రింటరు (వేడితో అచ్చువేసేది) పెడితే వేడికి కాగితం నల్లబడి ఆర్డరు కనబడదు; అక్కడ రిబ్బన్ ప్రింటరే మేలు. వంటమాస్టరు ఒడియా చదివేవాడైతే చీటీ ఒడియాలో రావాలి, ‘ఉల్లి వద్దు’ అన్న మాటతో సహా. ఆ సాఫ్ట్‌వేర్ మానేసిన రోజున మెనూ, పాత బిల్లులు, ఖాతా బాకీలు ఎక్సెల్‌లో ఇస్తామని అమ్మేవాళ్ల చేత ముందే రాయించుకోండి.

– హోటల్ లెక్కలు చూసేవారు, బరంపురం, ఒడిశా