‘వరకు’ వెనుక జీతం లేదని ప్రకటనలోనే చెప్పించండి: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక, ఉపాధి కల్పన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. అమ్మకాల రంగంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కునే యువతకు దరఖాస్తులు రాసుకోవడంలో సాయపడుతున్నవాడిగా, పూర్తిగా కమీషన్ మీదే నడిచే పనిని నెలజీతం వచ్చే ఉద్యోగంలా చూపించే ప్రకటనల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. కమీషన్ పద్ధతే తప్పని నేననను. అమ్మితేనే డబ్బు అని ముందే తెలిసి, ఇష్టపడి చేరినవారికి అది గౌరవమైన వృత్తి. నేను ఇల్లు నడుపుకొన్నదీ దాని మీదే. ఆ సంగతి ముందుగా తెలియనివ్వకపోవడమే నా ఫిర్యాదు.

ఇటువంటి ప్రకటనల్లో పట్టుబడే అబద్ధం చాలాసార్లు ఒక్కటీ ఉండదు, చిక్కంతా అక్కడే ఉంది. ‘నెలకు ఇంత వరకు సంపాదించవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో ఒక అంకె వేస్తారు. చదివేవారి కన్ను అంకె మీద నిలుస్తుంది గానీ, ఆ వాక్యాన్ని కాపాడేది ‘వరకు’ అన్న చిన్న మాట. సున్నా కూడా ఆ ‘వరకు’లోనే ఇముడుతుంది. ‘ఇస్తాము’ అని రాస్తే మాటకు కట్టుబడాలి కనుక ‘సంపాదించవచ్చు’ అని రాస్తారు. పని పేరు మేనేజ్‌మెంట్ ట్రైనీ అనో, బ్రాండ్ ప్రతినిధి అనో, కస్టమర్ సలహాదారు అనో ఉంటుంది తప్ప, అమ్మకం అన్న మాట కనిపించదు. ఎవరి సరుకు, ఎవరికి అమ్మాలి, ఎక్కడ తిరగాలి అన్నవి చెప్పని ఆ ప్రకటన, అర్హతల దగ్గరికి వచ్చేసరికి అనుభవం అక్కర్లేదని, రేపే చేరవచ్చని ఎంతో ఉదారంగా మాట్లాడుతుంది. అదే ప్రకటన అవే ఖాళీలతో నెలనెలా వస్తూంటే, ఆ సంస్థ పెరుగుతోందని కాదు, చేరినవారు నిలవడం లేదని అనుమానించమని నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

ఫోన్ చేసి జీతమెంత అని అడిగితే ‘ఆఫీసుకు రండి, మాట్లాడుకుందాం’ అంటారు. వెళ్తే పదులమందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, బాగా సంపాదించిన ఒకరిద్దరి కథలు చెప్పి, సాయంత్రానికల్లా ఎంపికయ్యారని చెప్పి, శిక్షణకనో నమూనా సరుకులకనో డబ్బు కట్టమంటారు. కొన్నిచోట్ల మొదటి నెలల్లో హామీ మొత్తం ఇస్తామంటారు. అది జీతం కాదు, రాబోయే కమీషన్‌లో కోసుకునే అడ్వాన్సు. కొన్నవారు తర్వాత రద్దు చేసుకుంటే, అంతకుముందు ఇచ్చిన కమీషన్ కూడా వెనక్కి పోతుంది. నా మొదటి ఉద్యోగంలో మూడో నెల చివర చేతికందిన కాగితం ప్రకారం, నేనే ఆ సంస్థకు బాకీ ఉన్నాను.

సంస్థలు ఇలా ఎందుకు చేస్తాయో తమరు గమనించాలి. జీతం ఇచ్చేవాడు మనిషిని చూసి, ఆలోచించి తీసుకుంటాడు. జీతమే లేనప్పుడు పదిమందిని తీసుకున్నా వందమందిని తీసుకున్నా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. పైగా కొత్తగా చేరిన ప్రతి ఒక్కరిచేతా మొదటి రోజే బంధువుల, స్నేహితుల పేర్లు రాయిస్తారు. ఆ జాబితా అయిపోయేదాకా అమ్మకాలు సాగుతాయి, తర్వాత ఆ మనిషి తనంతట తానే మానేస్తాడు, అతని స్థానంలో కొత్త జాబితాతో ఇంకొకరు వస్తారు. తిరుగుడు ఖర్చు, ఫోన్ ఖర్చు, పోయిన నెలలు, మొహమాటానికి కొన్న బంధువుతో చెడిన మాట, ఇవన్నీ మానేసినవాడి లెక్కలోనే పడతాయి.

జాగ్రత్తగా చదువుకోవాల్సింది అభ్యర్థులే కదా అని కొందరంటారు. ప్రకటనలో లేనిదాన్ని ఎంత జాగ్రత్తగా మాత్రం చదవగలరు? ఉద్యోగంలో చేరకముందే వేతన షరతులను కార్మికుడికి అర్థమయ్యేలా తెలియజేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి 95వ ఒడంబడికలోనే ఉంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2023 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం, కేవలం కమీషన్ మీద నడిచే ఉద్యోగమైతే ఆ మాటను ప్రకటనలోనే రాయాలంటోంది. ఆ దేశంలో వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అయితే, డబ్బు కట్టించుకుని వ్యాపార అవకాశం ఇస్తామనేవారు ఇంత ఆదాయం వస్తుందని చెబితే దానికి ఆధారం కాగితం మీద చూపాలని, సంతకానికి కనీసం 7 రోజుల ముందు వివరాలు చేతికివ్వాలని 2012 నుంచి అమలవుతున్న నిబంధనలో విధించింది.

కాబట్టి తమ శాఖ ఒక చిన్న నిబంధన తేవాలని కోరుతున్నాను. స్థిరమైన జీతం లేని పనికి ఇచ్చే ప్రతి ప్రకటనలోనూ ‘కమీషన్ మాత్రమే, నెలజీతం లేదు’ అన్న వాక్యం, ఆదాయపు అంకె ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ‘వరకు’ అని అంకె వేసినవారు, గత సంవత్సరం అదే పనిలో చేరినవారందరినీ ఆదాయం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి ఎంత వచ్చిందో కూడా పక్కనే వేయాలి. సగటు అడగవద్దని ప్రత్యేకంగా మనవి; ఒకరిద్దరి భారీ సంపాదన సగటును పైకి లాగి, మిగిలిన వారి ఖాళీ చేతులను కప్పేస్తుంది. మధ్యలోనే మానేసినవారిని ఆ లెక్కలోంచి తప్పించే వీలు ఉండకూడదు. ఇలాంటి ప్రకటనలను డబ్బు తీసుకుని ప్రచురించే పత్రికలను, ఉద్యోగాల వెబ్‌సైట్లను కూడా ఈ నిబంధన పరిధిలోకి తేవాలి, ఎందుకంటే సంస్థ పేరు మార్చుకుని మళ్లీ వచ్చినా ప్రకటన వేసేది వారే.

గత ఏడాదిగా నేను దాచిన ప్రకటనల కత్తిరింపులను ఈ లేఖకు జతపరుస్తున్నాను. ప్రతిదానిలో ‘వరకు’ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

భవదీయుడు,
ఒక మాజీ అమ్మకాల ప్రతినిధి