కౌంటర్ దగ్గరి ఆ పెద్దావిడకి

టెక్సస్‌లో మ్యారేజ్ లైసెన్స్ చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగాలి. మాకది ఆలస్యంగా తెలిసింది. మంగళవారం పొద్దున గుడిలో ముహూర్తం. కౌంటీ క్లర్క్ ఆఫీసుకి పరిగెత్తింది శుక్రవారం, మూసేసే వేళకి. పైగా టెన్షన్‌లో ఫారంలో పేరూ ఇంటిపేరూ తారుమారు చేశాను.

అప్పటికే బ్యాగు సర్దుకుంటున్న ఆవిడ మళ్లీ కూర్చున్నారు. స్క్రీన్ మా వైపు తిప్పి, నా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, చాంతాడంత మా ఇంటిపేరుని ఒక్కో అక్షరం వేలుపెట్టి సరిచూశారు. పసుపు చీటీ మీద ‘సోమవారం సాయంత్రం 4:52 తర్వాతే’ అని రాసి లైసెన్స్‌కి అంటించారు.

మొన్న హెచ్4 డిపెండెంట్ వీసా కోసం ఆ లైసెన్స్ సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే ఒక్క అక్షరం తప్పు లేదు. మీ పేరు అడగనేలేదు, థాంక్యూ అండీ. ఆ చీటీ మా పెళ్లి ఆల్బంలో ఉంది.