కాటన్‌కు దండలు సరే, కెప్టెన్ ఓర్ సంగతేమిటి?

అయ్యా,

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు మే 15. ఏటా ఆ రోజు వస్తే గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలకు దండలు పడతాయి. పడాల్సిందే. కానీ ఆ రోజు వచ్చే వ్యాసాలు చాలావరకు ఆయన దూరదృష్టి దగ్గరే ఆగిపోతాయి. ఆ దృష్టిని రాయిగా, సున్నంగా మార్చిన కింది అధికారుల పనితీరు మీద ఒక పేరా కూడా కనిపించదు. పెద్ద ఆలోచనలున్న పైఅధికారి కింద నలిగేవాళ్లు ఇవాళ ఇరిగేషన్ శాఖలోనే కాదు, ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. వాళ్లకు కాటన్ జీవితం కంటే కెప్టెన్ ఓర్, లెఫ్టినెంట్ హేగ్, వీణెం వీరన్నల పనే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో కలిపి నాలుగు మైళ్ల వెడల్పు. అడుగున ఇసుక. గట్టి రాయి తగిలేదాకా తవ్వనక్కర్లేదు, ఇసుక మీదే బరువైన కట్టడం నిలుస్తుందన్న ధైర్యం కాటన్‌కు కావేరి మీది పాతకాలపు ఆనకట్ట కల్లణై ఇచ్చింది. అది ఆలోచన. దాన్ని పనిగా మార్చిన మొదటి మెట్టు ఏమిటంటే, నదిని లంకలే విడదీసిన చోట ఆనకట్టనూ విడదీయడం: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ధవళేశ్వరం ముక్క సుమారు 4,870 అడుగులు, మద్దూరుది సుమారు 1,550. అన్నీ కలిపి రెండుంబావు మైళ్ల గోడ, 12 అడుగుల ఎత్తు. ఒక పాయలో పని చెడినా మిగతా మూడూ ఆగవు. వరద తగ్గాక మొదలుపెట్టి, మళ్లీ వరద వచ్చేలోగా ఎంత కట్టగలమో అంతే చేపట్టాలి. సగం కట్టిన గోడను గోదావరి క్షమించదు.

అడిగినదంతా ఇవ్వరన్నది కూడా ఇక్కడే కనిపిస్తుంది. కాటన్ ఆరుగురు ఇంజనీర్లను, రెండు వేల మంది తాపీపనివాళ్లను అడిగితే, ముందుగా దక్కింది ఒక యువ అధికారి, ఇద్దరు అప్రెంటిస్‌లు, కొద్దిమంది సర్వేయర్లు. కూలీలను కూడగట్టడం, వాళ్లను పనిలో నిలబెట్టడం వీరన్న భుజాన పడింది. వేల మంది పనిచేసిన చోట కూలి లెక్క వారం ఆలస్యమైతే మర్నాడు పనిలోకి వచ్చేదెవరు? ఇలాంటివి ఏ దార్శనికుడి రాతల్లోనూ ఉండవు.

1847లో పని మొదలైంది. 1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1850లో గాని తిరిగి రాలేదు. ఆ మధ్య పని నడిపింది ఓర్. 1852కు ఆనకట్ట పూర్తయింది. అసలు మనిషి లేని రెండేళ్లు పని ఆగలేదంటే, కాటన్ బుర్రలోని సంగతులు అప్పటికే కాగితం మీదికి వచ్చి ఉండాలి. ఎంతవరకు తన ఇష్టమో, ఎక్కడ అడగాలో ఓర్‌కు తెలిసి ఉండాలి. అదే ఓర్ 1852 నుంచి 1855 దాకా విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టాడు. హేగ్ గోదావరి వైనతేయ పాయ మీద పి.గన్నవరం దగ్గర ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున్న 49 ఆర్చీలతో కాలువను నది దాటించాడు. కాటన్ చెప్పింది అవతలి లంకకు నీళ్లు కావాలని. ఎన్ని ఆర్చీలు, ఏ ఇటుక, ఏ నెలలో పునాది అనేవి కింద తేలాల్సిన లెక్కలు.

అదే కాటన్ ఆలోచన మరోచోట బోర్లాపడింది. కర్నూలు-కడప కాలువకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 10 లక్షల పౌండ్ల పెట్టుబడితో, ప్రభుత్వం 5 శాతం వడ్డీకి పూచీ ఇవ్వగా రంగంలోకి దిగింది. ఆ డబ్బు చాలలేదు, ప్రభుత్వం అప్పివ్వాల్సి వచ్చింది. 1871కి కాలువ తయారైంది గానీ రైతు నీళ్లు తీసుకోలేదు. ఎందుకు? అది నల్లరేగడి. జొన్నకు, పత్తికి వాన చాలినంత కాలం నీటి తీరువా (నీటి పన్ను) కట్టడానికి ఎవరూ ముందుకు రారు. కరువు ఏడాదిలో అడిగినవాళ్లు మంచి ఏడాదిలో అడగరు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. పైనుంచి చూస్తే డెల్టా, రాయలసీమ రెండూ నీళ్లు లేని నేలలే. ఒక్క తాలూకాలో, ఒక్క పంటకాలంలో ఎంతమంది తీరువా కడతారో ముందుగా అడిగి చూడాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లు లేకపోవడమే అసలు లోటని మేము అనుకుంటాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కడప చేరకముందే ఆ కాలువను సముద్రందాకా గీసుకున్నారు.

ఇక ఇప్పటి ఆఫీసుకు వద్దాం. పెద్ద ఆలోచనలున్న బాసు తోచిందల్లా పైకి అనేస్తుంటాడు. అతని నోట వచ్చే ప్రతి మాటనూ ఆర్డరు అనుకుని పరిగెత్తడమే మొదటి తప్పు. సోమవారం యాప్, బుధవారం కొత్త బ్రాంచి, శుక్రవారానికి ఆ రెండూ ఆయనకే గుర్తుండవు. ఈలోగా పాత పని ఆగి ఉంటుంది. కాబట్టి అక్కడే అడగాలి: ‘‘ఇది మొదలుపెట్టమంటారా, లెక్క వేసి చెప్పమంటారా?’’ మొదలుపెట్టమన్నవి తప్ప మిగతావన్నీ తేదీతో ఒక నోటుబుక్కులో రాసి ఊరుకోండి. రెండోసారి అడిగినప్పుడు తీయండి. సగానికి పైగా రెండోసారి రావు.

మొదలుపెట్టమన్న పనికి అదే సాయంత్రం అరపేజీ రాసి పంపాలి. ఏం తయారవ్వాలి, ఏ తేదీకి, ఎంతమందితో, ఎంత ఖర్చుతో, ఏం చేయడం లేదు. ఈ చివరిదే ముఖ్యం. ‘‘కర్నూలు దాకానే, కడప ఇప్పుడు కాదు’’ అని రాసి ఉంటే ఆర్నెల్ల తర్వాత గొడవ ఉండదు. కింద ‘‘తప్పుగా అర్థమైతే రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి’’ అని ఒక్క వాక్యం. మర్నాడు రాస్తే మీటింగులో ఉన్న నలుగురికీ నాలుగు రకాలుగా గుర్తుంటుంది.

కుదరదు అనడానికి లెక్క కావాలి. ఐదుగురి జట్టుకు నెలకు 22 పనిదినాల చొప్పున 110 మనిషి-రోజులు. సెలవులు, రోజువారీ ఫైళ్లు, మీటింగులు పోగా నిజంగా మిగిలేది 70 దాటదు. నడుస్తున్న పనులు ఎన్ని రోజులు తింటున్నాయో ఒకే కాగితం మీద ఉంచండి. కొత్తది 30 రోజులదైతే ఆ కాగితం ముందుపెట్టి, దేన్ని వెనక్కి నెట్టమంటారని అడగండి. ‘‘కష్టమండీ’’ అన్న మాట ఇలాంటి మనుషులకు పిరికితనంలా వినిపిస్తుంది. ‘‘ఇది చేస్తే అది అక్టోబరుకు పోతుంది’’ అంటే నిర్ణయం తీసుకుంటారు.

తానా అంటే తందానా అనేవాడివల్ల జరిగే నష్టం అందరికీ తెలుసు. ప్రతిదానికీ అడ్డం చెప్పేవాడివల్లా అంతే నష్టం. నాలుగోసారి నుంచి అతన్ని మీటింగుకే పిలవరు. ఈ ఇద్దరికీ మధ్య దారి చిన్న ట్రయల్. మొత్తం ఖర్చులో పదో వంతు మించకుండా, రెండు మూడు వారాల్లో తేలేలా, ఒక్క ఊళ్లోనో ఒక్క సెక్షన్లోనో చేసి చూడాలి. ఏ అంకె వస్తే ముందుకు వెళ్తామో, ఏ అంకె వస్తే ఆపేస్తామో ముందే రాసుకోవాలి. ఫలితం వచ్చాక రాసుకుంటే ప్రతి ఫలితమూ బాగానే కనిపిస్తుంది.

చెడువార్త దాచకూడదు. తెలిసిన రోజే, నలుగురి ముందు కాకుండా, రెండు దారులతో సహా చెప్పాలి: ఇన్ని రోజులు ఆలస్యానికి ఒప్పుకోవడం ఒకటి, ఈ భాగం వదిలేయడం మరొకటి. ఇక రాత్రి పదకొండుకు వచ్చే వాట్సాప్ మెసేజీలన్నింటినీ కింది జట్టుకు ఫార్వర్డ్ చేసేవాడు మధ్యలో ఉండి ఏం చేస్తున్నట్టు? పొద్దున వడగట్టి పంపాలి.

ఇవన్నీ నడవాలంటే పనికి ముందే ఒక కాగితం మీద సంతకం కావాలి. ఎంత సొమ్ముదాకా తానే నిర్ణయించవచ్చు, ఎన్ని రోజుల మార్పుదాకా అడగనక్కర్లేదు, ఏవి మాత్రం తప్పక ఆయనకే వెళ్లాలి. పెద్దాయన విదేశాలకు వెళ్లినా, ఆసుపత్రిలో చేరినా, బదిలీ అయినా ఆ కాగితంతోనే పని సాగుతుంది. అది లేని చోట ప్రతి ఫైలూ ‘‘సార్ వచ్చాక’’ అని టేబుల్ మీద పేరుకుపోతుంది.

వచ్చే మే 15న మీ జిల్లా పేజీలో కాటన్ ఫొటో కింద ఓర్, హేగ్, వీరన్నల పేర్లు కూడా వేయవలసిందిగా కోరుతున్నాం. చిన్న అక్షరాల్లోనైనా సరే.

ఇట్లు,
కొందరు విశ్రాంత నీటిపారుదల ఇంజనీర్లు,
రాజమహేంద్రవరం