కుక్కను చూస్తున్నదెవరు?

సంపాదకులకు,

చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులివి. పత్రికల్లో ఎక్కడ చూసినా పార్కుల ఫొటోలే. చాప మీద పెద్దవాళ్ళు, చుట్టూ పిల్లలు, ఓ మూలన నాలుక బయటపెట్టి కూర్చున్న కుక్క. ఫొటో ముచ్చటగానే ఉంటుంది. కానీ కుక్కలతో రోజూ మెలిగేవాళ్ళకు దాన్ని చూడగానే ఒక అనుమానం వస్తుంది: ఆ పదిమందిలో కుక్కను చూస్తున్నదెవరు?

ఇంట్లో నలుగురే ఉన్నప్పుడు ఈ ప్రశ్న రాదు. నీళ్ళెవరు పోస్తారో, బయటికెవరు తిప్పుతారో అందరికీ తెలుసు. స్నేహితులూ చుట్టాలూ కలిసేసరికి లెక్క తప్పుతుంది. అన్న చూస్తున్నాడని చెల్లి అనుకుంటుంది, చెల్లి చూస్తోందని నాన్న అనుకుంటాడు, తాడేమో బెంచీ కాలికి కట్టేసి ఉంటుంది. కింద రాసిన ఇబ్బందులు చాలావరకు ఆ కాసేపట్లో వచ్చేవే.

అందుకని బయల్దేరకముందే పేర్లు అనుకోండి. మనిషికి అరగంట చాలు. తాడు ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వాళ్ళదే. మార్చేటప్పుడు ‘ఇక నువ్వు చూసుకో’ అని నోటితో చెప్పాలి, అవతలివాళ్ళు ‘సరే’ అన్నాకే తాడు వదలాలి. కుక్క ఒక్కసారిగా లాగితే ఆపగల బలం లేని పిల్లలకు ఈ వంతు ఇవ్వకూడదు, ఎంత బతిమాలినా సరే. తాడు ఒకటిన్నర, రెండు మీటర్లుంటే చాలు. బటన్ నొక్కితే సాగే రకం జనంలోకి పనికిరాదు. కుక్క ఐదు మీటర్ల అవతల ఉంటుంది, ఆ సన్నని తాడు మధ్యలో పిల్లల కాళ్ళకు చుట్టుకుంటుంది. వేగంగా జారుతున్నప్పుడు పట్టుకుంటే వేళ్ళు కోసుకుపోతాయి.

కాలర్ కూడా ఒకసారి చూడండి. దాని కింద రెండు వేళ్ళు దూరాలి. చలికాలంలో సరిగ్గా సరిపోయిన కాలర్ ఇప్పుడు వదులవుతుంది, ఎందుకంటే మెడ చుట్టూ ఉన్న దట్టమైన బొచ్చు ఈ రోజుల్లోనే ఊడుతుంది. ఏదైనా చప్పుడుకు బెదిరి కుక్క వెనక్కి గుంజుకుందంటే తల కాలర్‌లోంచి జారిపోతుంది, ఖాళీ కాలర్ చేతిలో మిగులుతుంది. దాని మీద ఫోన్ నంబరు ఉండాలి, అదీ ఇప్పుడు వాడుతున్న నంబరు. బొచ్చు సంగతి ఎత్తాం కాబట్టి ఇంకొక్క మాట. దువ్వడం స్నానానికి ముందే జరగాలి. చిక్కులతో తడిపితే అవి బిగుసుకుపోయి, కత్తిరిస్తే తప్ప రావు. రెండు పొరల బొచ్చున్న జాతులకు వేడి చేస్తుందని నున్నగా గొరిగించకండి. పై పొర ఎండ నుంచి కాపాడుతుంది, మళ్ళీ సరిగ్గా పెరగకపోవచ్చు కూడా.

‘ఐదు నిమిషాలే కదా’ అని కారులో ఉంచి వెళ్ళేవాళ్ళు ఈ కాలంలోనే ఎక్కువ. మండుటెండల్లో ఎవరికైనా భయం ఉంటుంది, ఇప్పుడు హాయిగా ఉందనిపిస్తుంది. బయట 21 డిగ్రీలున్నా, మూసిన కారు లోపల పది నిమిషాల్లో సుమారు 32, అరగంటలో 40 డిగ్రీలవుతుంది. అద్దం రెండంగుళాలు దించినందువల్ల పెద్ద తేడా ఉండదు. పైగా కుక్క ఒళ్ళు ఇంకా వేడికి అలవాటు పడలేదు.

ఇక పిల్లల విషయం. ఇక్కడ కాస్త ఆగాలి. కుక్క కరిచిన పిల్లల్లో చాలామందిని కరిచింది వాళ్ళకు తెలిసిన కుక్కే. ‘మాది ఏమీ అనదు’ అన్న మాట అందుకే సరిపోదు. కుక్క ఏమీ అనకపోవడం కాదు, అన్నది మనం వినకపోవడమే జరుగుతుంటుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. తిండి లేకుండానే మూతి నాక్కుంటుంది. తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. చెవులు వెనక్కి వాల్చుతుంది. ఆఖరికి ఒళ్ళు కొయ్యలా బిగుస్తుంది. ఆ బిగుసుకోవడం కనిపిస్తే పిల్లవాణ్ణి తీయాలి, కుక్కను కాదు. తాడు పట్టి లాగితే అది ఇంకా ఉడుక్కుంటుంది. గుర్రుమంటే కొట్టకండి. గుర్రు దాని హెచ్చరిక. దెబ్బలతో హెచ్చరిక మానేసిన కుక్క, మరోసారి నేరుగా కరుస్తుంది.

పిల్లలకు నేర్పాల్సింది చాలా చిన్నది. కుక్కను మన దగ్గరికి రానివ్వాలి, మనం దాని మీదికి వెళ్ళకూడదు. వచ్చాక మెడ పక్కనో ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. మళ్ళీ ఆనుకుంటే ఇంకో మూడు సెకన్లు, పక్కకు జరిగితే వదిలెయ్యాలి. మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోవడం మనకు ప్రేమ, చాలా కుక్కలకు మాత్రం ఊపిరాడని ఇరుకు. మొహం మీద మొహం పెట్టి ఫొటో దిగడం అన్నిటికన్నా చెడ్డది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు అసలు ముట్టుకోకూడదు.

స్నేహితులు తమ కుక్కను కూడా తెస్తే, రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి ‘హలో చెప్పు’ అనకండి. బిగిసిన తాళ్ళ మీద ముక్కుకు ముక్కు ఆనడం వాటి లెక్కలో కయ్యానికి కాలు దువ్వడమే. నాలుగైదు మీటర్ల ఎడంతో రెండూ ఒకే దిక్కుకు నడవాలి. ఓ పది నిమిషాలయ్యాక ఎడం తగ్గించి, వెనకనుంచి వాసన చూసుకోనివ్వండి. టీకాలు పూర్తికాని కూనను ఊరి కుక్కలన్నీ తిరిగే చోటికి తేవద్దు. కూన టీకాల వరసలో చివరి మోతాదు 16 వారాల వయసులోనో ఆ తర్వాతో పడుతుంది. అది కూడా అయ్యి వారం రెండు వారాలు గడిచాకే బయటి గడ్డి.

తిండి దగ్గర గొడవంతా చాప ఎత్తులో ఉంటుంది. ఇంట్లో బల్ల మీదుండే పళ్ళాలు ఇక్కడ కుక్క మూతికి అందుతాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి దానికి పడవు. ఉడికిన ఎముక సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. అన్నిటికన్నా తొందరగా దెబ్బతీసేది మాత్రం ఎవరి హ్యాండ్‌బ్యాగులోనో ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్. అందులో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉంటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కుక్క తూలుతుంది, మూర్ఛ వస్తుంది. ఉల్లిది దీనికి సరిగ్గా తిరగబడిన కథ. ఆ పూట ఏమీ కనిపించదు, నాలుగైదు రోజులకు చిగుళ్ళు పాలిపోతాయి. ఏది తిన్నా కక్కించాలని ఉప్పునీళ్ళు తాగించకండి. ఆ ఉప్పే విషమై ప్రాణం మీదికి తెస్తుంది. తిన్నదాని కవరు, సుమారు ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, కుక్క బరువెంత — ఈ నాలుగూ ఫోన్‌లో పశువైద్యుడికి చెప్పి, ఆయన ఏం చెయ్యమంటే అది చెయ్యండి.

ఆటకు ఎండుపుల్ల విసరడం మానండి. పుల్ల నేలలో నిలువుగా గుచ్చుకుని ఉండగా పరిగెత్తి నోరు పెట్టిన కుక్కకు గొంతులో దిగబడుతుంది. బంతి మేలు, అదీ వెనక దంతాలు దాటి గొంతులోకి జారనంత పెద్దది. చలికాలమంతా ముడుచుకు పడుకున్న కుక్కను మొదటి రోజే గంటసేపు పరిగెత్తించకండి. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి వారానికో ఐదు నిమిషాలు పెంచండి, లేకపోతే మర్నాడు కుంటుతుంది. పూల మీద తేనెటీగను నోటితో పట్టబోయి కుట్టించుకుంటే, ముల్లు కనిపిస్తే వెంటనే గీకి తీసెయ్యాలి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. చల్లటి గుడ్డ అదమండి. మొహమంతా ఉబ్బినా, వాంతి చేసుకున్నా, ఊపిరి కష్టమైనా ఇంటి వైద్యం చాలదు.

ఇంటికొచ్చాక అందరూ అలసిపోయి కూలబడతారు. అసలు పని అప్పుడుంటుంది. వాతావరణం కాస్త వెచ్చబడగానే పిడుదులు గడ్డిపోచల కొసలకెక్కి, ముందుకాళ్ళు చాపి, రాసుకుపోయే ఒంటి కోసం కాచుకుంటాయి. రక్తం తాగని పిడుదు నువ్వుగింజంత, కొన్నయితే అంతకన్నా చిన్నవి. కంటికి ఆనవు, వేలికి తగులుతాయి. కాబట్టి కళ్ళతో కాదు, వేళ్ళ కొసలతో బొచ్చుకు ఎదురు దిశలో వెతకాలి. చెవి లోపలి మడత, కాలర్ కింద, చంకలు, గజ్జలు, కాలివేళ్ళ సందులు, తోక మొదలు, కనురెప్పల అంచు. ఆఖరి వంతు ఎవరిదైతే ఈ పని వాళ్ళది. పావుగంట పడుతుంది.

దొరికితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, పిడుదు తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా ఒకే ఒత్తిడితో నిదానంగా పైకి లాగాలి. పొట్ట దగ్గర పట్టి నొక్కకూడదు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వాజిలిన్ పూయడం — ఇవన్నీ దాన్ని మరింత సేపు అంటిపెట్టుకుని ఉండేలా చేస్తాయి, లోపలున్నది కుక్క ఒంట్లోకి కక్కిస్తాయి. తీసినదాన్ని స్పిరిట్‌లో వేసి, కుట్టిన చోట సబ్బుతో కడగండి. గోళ్ళ మధ్య నలపకండి. పిడుదుల మందు కొనేటప్పుడు ఇంట్లో పిల్లి ఉందా అని ఆలోచించండి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లి ప్రాణం తీస్తుంది. మందు ఆరకముందు కుక్క పక్కన పడుకున్నా ప్రమాదమే. స్నేహితులు తెచ్చిన పూలగుత్తిలో లిల్లీ ఉంటే అదీ పిల్లికి అందకూడదు. ఒంటికంటిన పుప్పొడి నాక్కున్నా, కుండీలో నీళ్ళు తాగినా దాని మూత్రపిండాలు పాడవుతాయి.

పిడుదు దొరికిన తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. అది అంటించే జ్వరాలు ఒకటి నుంచి మూడు వారాల తర్వాత బయటపడతాయి. తిండి మానడం, మూలన పడుకోవడం, చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం. అప్పటికి పార్కుకు వెళ్ళిన సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు. వైద్యుడు మొదట అడిగేది ఆ తేదీనే.

ఇట్లు,
ఒక పాఠకుడు