పెన్సిల్‌తో రాసిచ్చిన ఆ అమ్మాయికి

మొన్నటితో నా చికిత్స ముగిసింది. 25 రోజుల రేడియేషన్, దానితోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివరగా ఒంటి లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, అంటే బ్రేకీథెరపీ, నాలుగు విడతలు జరిగాయి. ఇంకా ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను కనుక పడుకునే ఇది రాస్తున్నాను. నా భర్త, మా అమ్మ, మా వదిన ఇన్ని నెలలూ నన్ను కనిపెట్టుకుని ఉన్నారు. వారికి నేను వేరుగా చెప్పవలసిన పని లేదు. చెప్పవలసింది, పేరైనా అడగకుండా వచ్చేసిన ఒక అమ్మాయికి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలిన తరువాత, గడ్డకు జన్యు పరీక్ష కూడా చేయించారు. ఆ రిపోర్టులో రెండు వాక్యాలు ముదురు అక్షరాల్లో ఉన్నాయి. హెచ్‌పీవీ 16 అనే వైరస్ ఉన్నదని ఒకటి, పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు ఉన్నదని రెండోది. జన్యువు అన్న మాట చూడగానే నాకు పదమూడేళ్ల నా కూతురే కళ్లముందు నిలిచింది. మా వంశంలో ఎవరికీ లేని జబ్బును దానికి నేను అప్పగించానా అన్న ఆలోచనతో ఆ వారమంతా నిద్రపోలేదు. వైరస్ అన్న మాట, అది నాకు ఎవరి నుంచి వచ్చిందన్న మరో ప్రశ్నను లేవనెత్తింది. దానిని నా భర్తను అడగలేను, అడగకుండా ఆయన ముఖం చూడనూ లేను. డాక్టరుగారు, దీనివల్ల ఇప్పుడు చేసే చికిత్స మారదని చెప్పి తరువాతి పేషెంటును పిలిచారు.

అందుకని రిపోర్టు ఇచ్చిన ల్యాబ్ కిటికీ దగ్గరకే వెళ్లాను. వివరించడం తమ పని కాదని అక్కడున్నాయన అన్నారు. లోపల అన్నం తింటున్న ఒక అమ్మాయి ఆ మాట విని, చేయి కడుక్కుని బయటికి వచ్చి, బల్ల మీద నా పక్కన కూర్చుని, "మీకు అన్నిటికన్నా ముందు ఏది తెలియాలమ్మా?" అని అడిగింది. నా జబ్బు బయటపడినప్పటి నుంచి నన్ను ఆ ప్రశ్న అడిగినవారు ఎవరూ లేరు.

నా కూతురికి వస్తుందా అన్నాను. ఆమె రిపోర్టు తీసుకుని, అర్థం కాని ప్రతి మాట పైనా పెన్సిల్‌తో తెలుగులో రాస్తూ చెప్పింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 545వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌ను కట్టే ఒక ఇటుక, మారింది. నేను పుట్టినప్పుడు ఆ మార్పు లేదు. గర్భాశయ ముఖద్వారంలోని కణాల్లో తరువాత ఎప్పుడో వచ్చింది. అండంలో లేనిది బిడ్డకు చేరదు. ఈ క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇదే జన్యువులో మార్పు కనబడుతుందట.

వైరస్ సంగతి ఆమె మరింత నెమ్మదిగా చెప్పింది. దాని జన్యు పదార్థమంతా కలిపి సుమారు 8,000 అక్షరాలే. అందులోని ఈ6 అనే ప్రోటీన్, దెబ్బతిన్న కణాన్ని ఆపే మన పీ53ను ముక్కలు చేయిస్తుంది. ఈ7 అనేది, కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీని పనిచేయనివ్వదు. అనేక ఇతర క్యాన్సర్లలో పీ53 జన్యువే చెడిపోతుందనీ, ఇక్కడ సాధారణంగా ఆ జన్యువు బాగానే ఉన్నా వైరస్ దాని ఫలితాన్ని దక్కనివ్వదనీ అన్నది. వైరస్‌లను ఎదుర్కోవడానికి మన కణాల్లో అపోబెక్ అనే ఎంజైములు ఉన్నాయనీ, వైరస్ అక్షరాలను చెరపవలసిన ఆ ఎంజైములే మన జన్యువులనూ గాయపరుస్తాయనీ, పీఐకే3సీఏలోని ఈ మార్పు మీద ఆ గాయపు ఆనవాలు కనబడుతుందనీ చెప్పింది. నా ఒళ్లు నాకు ద్రోహం చేసిందని అంతవరకూ దానిని ద్వేషించాను. అది పోరాడుతూ గాయపడిందని విన్నప్పుడు నాకు మాట రాలేదు.

దండం పెట్టి లిఫ్టు దగ్గరకు వచ్చేశాను. రెండు నిమిషాల్లో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, "ఒకటి చెప్పడం మరిచానమ్మా" అన్నది. ఈ వైరస్ చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో పోతుంది, కొద్దిమందిలోనే నిలిచిపోయి క్యాన్సర్‌గా మారడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టవచ్చు. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పజాలదు కనుక ఇంట్లో ఎవరినీ అనుమానించవద్దు. నేను అడగని ప్రశ్నకు ఆమె జవాబు తెచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. లిఫ్టు మూడుసార్లు వచ్చి పోయింది. అంతసేపూ ఆ అమ్మాయి నా ఫైలు పట్టుకుని నిలుచునే ఉంది.

ఇంత చెప్పాక ఈ మాటా చెప్పాలి. మహిళలందరికీ ఈ క్యాన్సర్‌ను ముందుగానే పట్టే పరీక్ష 35 ఏళ్లలోపు ఒకసారి, 45లోపు మరోసారి జరగాలని, కనీసం 70 శాతం మందికైనా అది అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే లక్ష్యం పెట్టింది. నాకిప్పుడు 44. ఈ పదేళ్లలో థైరాయిడ్‌కు, నడుము నొప్పికి ఎన్నోసార్లు ఆసుపత్రుల మెట్లెక్కాను; ఒక్కచోటా ఒక్కరూ ఈ పరీక్ష ఊసెత్తలేదు. నెలసరి మధ్యలో రక్తం కనబడుతోందని చెప్పినప్పుడు కూడా, వయసు మారుతోంది కదా అని విటమిన్లు రాసి పంపారు. తీసిన ముక్క చాలలేదంటూ రెండోసారి తీసినప్పుడు, మొదటిది ఏమైందో చెప్పినవారు లేరు. మనిషికి అర్థం కాని కాగితాన్ని కవరులో పెట్టి ఇచ్చి, ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఒక ఆడపిల్ల అన్నం వదిలి వస్తే తప్ప ఆ వివరం నాకు అందకపోవడం ఏమిటి?

మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా మొదటి డోసు వేయించాం. మా ఆయన ఆ పెన్సిల్ రాతలను రెండుసార్లు చదివి ఏమీ అనకుండా నా చేయి పట్టుకున్నారు.

ఇప్పుడే గుర్తొస్తున్నారు, క్షమించాలి: మూడో వారం హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు రక్తమిచ్చిన ఇద్దరికీ, రేడియేషన్ బల్ల మీద నేను వణుకుతుంటే రోజూ దుప్పటి కప్పిన టెక్నీషియన్‌గారికీ, వాంతుల రాత్రుల్లో విసుగన్నది చూపని నైట్ డ్యూటీ నర్సుకూ కృతజ్ఞతలు. పక్క మంచం పెద్దమ్మ, తన కీమో రోజున కూడా నా సెలైన్ సీసా అయిపోవస్తే నర్సును కేకేసి పిలిచేది. ఆమెకు ఇంకా రెండు విడతలు మిగిలి ఉన్నాయి.