నాన్నను కాపాడిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

నాన్న ఇంటికి వచ్చేశారు. మాట ఇంకా కాస్త నెమ్మదిగానే ఉంది, కానీ అందరినీ గుర్తుపడుతున్నారు. పేరుపేరునా అన్నానే గానీ, నాన్నకి ఫిట్స్ వచ్చిన ఆ రోజు మాకు సాయం చేసినవాళ్ళలో చాలామంది పేర్లు నాకు తెలియవు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మొదటి నమస్కారం పక్కింటి అక్కకి. నా అరుపు విని పరిగెత్తుకొచ్చి, ముందు టైమ్ చూసింది. నాన్నని పక్కకి ఒత్తిగిలేలా తిప్పింది, తల కింద తువ్వాలు మడిచి పెట్టింది. ఎవరో చెంచా తేబోతే "నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతులు అదిమి పట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పింది. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. అయిదు నిమిషాలు దాటినా ఆగలేదంటే అది ఎమర్జెన్సీ. డాక్టర్లు దాన్ని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. అరగంట దాటితే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అక్క అంతదాకా రానివ్వలేదు, ముందే అంబులెన్స్ పిలిచింది.

అంబులెన్స్‌లో వచ్చిన అన్నలిద్దరికీ చేతులెత్తి మొక్కాలి. కొట్టుకుంటున్న చేతికి నరం వెతుకుతూ కూర్చోకుండా, తొడ కండలోకి ఫిట్స్ ఆపే మిడజోలమ్ ఇంజెక్షన్ ఇచ్చేశారు. 2012లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, ఇలా కండకి మిడజోలమ్ ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరేసరికి నూటికి 73 మందికి ఫిట్స్ ఆగాయి. నరానికి అదే కోవకి చెందిన లోరాజెపామ్ అనే మందు ఇచ్చినవాళ్ళలో 63 మందికే ఆగాయి. నరం దొరికించుకోవడానికి పట్టే సమయమే ఆ తేడాకి పెద్ద కారణం. ఫిట్స్ సాగేకొద్దీ, ఈ మందులు అంటుకుని పనిచేసే గ్రాహకాలు (రిసెప్టర్లు) మెదడు కణాల పైనుంచి లోపలికి వెళ్ళిపోతుంటాయట. అంటే ఆలస్యమైన ప్రతి నిమిషానికీ అదే మందు అంతకంతకీ తక్కువగా పనిచేస్తుంది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి కొట్టుకోవడం ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. వేలికి పొడిచి షుగర్ చూశారు, బాగానే ఉంది. కానీ ఎంత పిలిచినా నాన్న కళ్ళు తెరవలేదు. మందు మత్తేమో అనుకుంటుండగా డ్యూటీలో ఉన్న సిస్టర్ వంగి, బొటనవేలితో రెప్ప పైకెత్తి అలాగే చూస్తూ ఉండిపోయారు. కనుగుడ్డు ఒక పక్కకి చిన్నచిన్నగా అదురుతోంది. పెదవి చివర కూడా అదే లయలో కదులుతోంది. నేను పక్కనే ఉండీ గమనించలేనంత చిన్న కదలిక అది. వెంటనే డాక్టర్‌ని పిలిచారు, మెదడులోని విద్యుత్ సంకేతాలని చూసే ఈఈజీ పరీక్ష తీశారు. లోపల ఫిట్స్ ఇంకా నడుస్తూనే ఉన్నాయి! లెవెటిరాసెటమ్ అనే ఇంకో ఫిట్స్ మందు ఎక్కించాక గానీ ఆగలేదు. వయసు మళ్ళినవాళ్ళలో ఇలా బయటికి కనపడని ఫిట్స్‌ని మత్తనో, నీరసమనో వదిలేసే ప్రమాదం ఎక్కువట. నాన్నకి ఫిట్స్ రావడానికి కారణం ఎప్పుడో వచ్చిన పక్షవాతం వల్ల మెదడులో మిగిలిన మచ్చ.

పక్క బెడ్డు మీద జ్వరంతో ఫిట్స్ వచ్చిన చంటిపాప. పిల్లలకి జ్వరం, పెద్దవాళ్ళకి మందు మానేయడం, ముసలివాళ్ళకి పక్షవాతం: కారణాలు వేరైనా వైద్యం మొదలుపెట్టే వరస మాత్రం ఒకటేనని, బరువుని బట్టి డోసు మారుతుందని డాక్టర్‌గారు ఓపికగా చెప్పారు. అంత టెన్షన్‌లో మాతో కూర్చుని మాట్లాడినందుకు ఆయనకి రుణపడి ఉంటాం.

ఆయన చెప్పిన ఇంకో సంగతి మనసులో నిలిచిపోయింది. మొదటి మందుకి లొంగని ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్, ఫాస్ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఏది మేలో తేల్చడానికి అమెరికాలో ఈసెట్ అనే పరిశోధన చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. రెండేళ్ళ పిల్లల నుంచి వృద్ధుల దాకా అందులో ఉన్నారు. మూడు మందులూ దాదాపు సమానంగా, సుమారు సగం మందికి పనిచేశాయి. స్పృహలో లేనివాళ్ళు సంతకం పెట్టలేరు కదా, అందుకని ముందస్తు అనుమతి లేకుండానే ప్రత్యేక నిబంధనల కింద వాళ్ళని చేర్చుకున్నారు. ముక్కూ మొహం తెలియని ఆ రోగులకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా మా కృతజ్ఞతలు. మా నాన్నకి ఏ మందు ఎక్కించాలా అని ఎవరూ తడుముకోకపోవడంలో వాళ్ళ పాత్ర ఉంది.

ఆ సిస్టర్‌కి మాత్రం ఎదురుగా థాంక్స్ చెప్పలేకపోయాను. మేం మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ డ్యూటీ మారిపోయింది. అమ్మా, ఇది మీ కంటపడితే ఒక్క మాట: నాన్న మిమ్మల్ని చూడాలంటున్నారు. చెకప్‌కి వచ్చినప్పుడు తప్పకుండా మీ వార్డుకి తీసుకొస్తాను.